నోబితా లిటిల్ స్టార్ వార్స్ 2021: మా ఇంట్లో మాత్రం సునియోనే హీరో

ఈ డోరేమాన్ కార్టూన్ సినిమాలో నాకు కావాల్సింది ఒక్క సీనే. నోబితా స్నేహితుడు సునియో భయపడిపోయి నేను రానని మొండికేసే సీన్. మిగతా సినిమాలో ఏం బాగుంది, ఏం బాగాలేదు అని ఎవరితోనైనా మాట్లాడతాను కానీ, "పిల్లల సినిమాలో ఈ ఏడుపెందుకు, అది తీసేస్తే పోయేది" అంటే మాత్రం ఒప్పుకోను.

డోరేమాన్ చూసే పిల్లలున్న ఇళ్ళకు కథ కొత్తగా చెప్పక్కర్లేదు. పిరికా అనే బుల్లి గ్రహానికి ప్రెసిడెంట్ అయిన పాపి, సేనాధిపతి గిల్మోర్ అధికారం లాక్కుంటే తప్పించుకుని భూమ్మీదికి వస్తాడు. రోబో పిల్లి డోరేమాన్, నోబితా, వాళ్ళ స్నేహితులు మనుషుల్ని బుల్లిగా చేసే స్మాల్ లైట్‌తో చిన్నగా మారి అతనికి తోడు నిలబడతారు. ఆ లైట్ శత్రువుల చేతిలో పడుతుంది, ఇక వీళ్ళు మళ్ళీ మామూలు సైజుకి వచ్చే దారి ఉండదు. 1985లో వచ్చిన సినిమానే మళ్ళీ తీశారు. పేరులో 2021 ఉన్నా, కరోనా వల్ల వాయిదా పడి జపాన్‌లో 2022 మార్చిలో వచ్చింది.

మేం చూసింది జపనీస్ మాటలతో, కింద ఇంగ్లీష్ అక్షరాలతో. మా వాడికి అప్పటికి చదవడం రాదు. పక్కన కూర్చుని ప్రతి మాటా తెలుగులో చెప్పడం నా పని. అందుకే ఈ సినిమా నాకు దాదాపు కంఠతా వచ్చేసింది.

ఆ సీన్ ఇలా ఉంటుంది. యుద్ధానికి బయల్దేరే వేళకి సునియో కదలడు. ప్రాణభయం. వాళ్ళ గుంపులోని అమ్మాయి శిజుకా అతన్ని పిరికివాడా అనదు, సిగ్గుపడమనదు. తనకీ భయంగానే ఉందని చెబుతుంది. అయినా చేతనైంది చేద్దామని యుద్ధ ట్యాంక్ వైపు వెళ్తుంది. అతను ఆమె వెనకాలే వస్తాడు. భయం పోయాక రావడం కాదు, భయంతోనే వస్తాడు. మొదటిసారి చూసినప్పుడు ఇది నాకే నచ్చింది, మా వాడికి కాదు. వాడికి నోరు మూయకుండా మాట్లాడే రోకోరోకో కుక్క, తిమింగలం ఆకారంలో ఉండే ఆ ఓడ చాలు.

తర్వాత 2024 సెప్టెంబర్ 1 వచ్చింది. మాది విజయవాడ సింగ్‌నగర్, కింది వాటా. ఆ ఆదివారం బుడమేరు వాగు వరద నీళ్ళు మా వీధిలోకి వచ్చి, చూస్తుండగానే గుమ్మం దాటాయి. మా ఆయన ఊళ్ళో లేరు. అత్తయ్యగారిని, పిల్లాణ్ణి తీసుకుని మేడ మీద ఓనర్ గారి వాటాలోకి వెళ్ళాను. కరెంటు లేదు. ఫోన్ సిగ్నల్ వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. ట్యాబ్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టినది ఇదొక్కటే సినిమా. ఛార్జింగ్ పోతుందన్న టెన్షన్‌తో కాసేపు చూపించి ఆపేదాన్ని. వాడు కుక్కని అడగలేదు, ఓడని అడగలేదు. సునియో దగ్గరే పెట్టమనేవాడు. ట్యాంక్ నీళ్ళలో మునిగే చోటు రాకముందే ఆపేయమనేవాడు.

పడవ మా మెట్ల దగ్గరికి వచ్చిన రోజు వాడు మంచం కిందికి దూరిపోయాడు. కింది మెట్లన్నీ నీళ్ళలోనే ఉన్నాయి. అటూ ఇటూ ఊగుతున్న పడవలోకి దిగాలి. పడవలోంచి తొందరపెడుతున్నారు. "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అని పక్క వాటా వాళ్ళు. లాగితే మంచం కోడు పట్టుకుని కేకలు. అప్పుడు మా అత్తయ్యగారు వచ్చి, మోకాళ్ళ నొప్పులతోనే నేల మీద కూర్చుని, మంచం కిందికి వంగి, "నాకూ భయంగానే ఉంది నాన్నా, నాకు ఈత కూడా రాదు. శిజుకా లాగా నేను ముందెక్కుతాను, నువ్వు నా వెనకాల రా" అన్నారు. ఆవిడ ఒక్కసారి కూడా తెర వైపు చూసినట్టు నాకు గుర్తులేదు. నేను వాడికి చెప్పే తెలుగు మాటలన్నీ పక్కనే పడుకుని విన్నారన్నమాట. ఆవిడ ముందు దిగారు. వాడు ఏడుస్తూనే వచ్చి పడవెక్కాడు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర దిగేదాకా ఆవిడ చీర చెంగు వదల్లేదు.

ఒక విషయం చెప్పాలి. సినిమాలో మనుషుల్లేకుండా ఎగిరే శత్రు విమానాలు ఉంటాయి. వరదలో మాకు డ్రోన్ అంటే డాబాల మీద భోజనం పొట్లాలు దింపేది. ఆ తర్వాత చాలాకాలం ఆ విమానాలు కనపడ్డప్పుడల్లా "ఇవి అన్నం తెచ్చేవి కాదు కదమ్మా" అని అడిగేవాడు.

మొదట్లో నేను అందరికీ చెప్పిన గొప్ప ఇంకొకటి: పాపికి కొత్తగా పీనా అనే అక్కని పెట్టడం. అతను కూడా ఒకరికి తమ్ముడే అని చూపించడం బాగుందన్నాను. ఇప్పటికీ బాగానే ఉంది. కాకపోతే ఆ తర్వాత పాత సినిమా చూశాను. అందులో గ్రహం బరువంతా ఆ పిల్లాడి ఒక్కడి మీదే ఉంటుంది, ఆ ఒంటరితనం గట్టిగా తగులుతుంది. ఇక్కడ అక్క వచ్చేసరికి అది కొంచెం పలచబడింది. సునియో సీన్ కూడా పాతదాంట్లో ఉన్నదే, కాబట్టి ఆ ఘనత డోరేమాన్‌ని సృష్టించిన ఫుజికో ఎఫ్. ఫుజియో గారిది. కొత్తవాళ్ళు దాన్ని పాడుచేయకుండా ఉంచారు.

ముగింపు దగ్గర మాత్రం మా వాడు నన్ను ఇరికించాడు. స్మాల్ లైట్ ప్రభావం దానంతటదే అయిపోయి అందరూ మళ్ళీ పెద్దవాళ్ళవుతారు. "అయితే సునియో దాక్కునే ఉన్నా పెద్దవాడయ్యేవాడుగా?" అన్నాడు. నిజమే. అంత ధైర్యం చేయించి, గెలుపుని ఆ లైట్ చేతిలో పెట్టడం నాకూ నచ్చదు. అప్పటిదాకా ఎదురు నిలవకపోతే పాపి బతికేవాడా అని చెప్పి చూశాను. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు. అత్తయ్యగారు వాడి పక్షమే.

మీ పిల్లలకి చూపించమంటారా అంటే, నా మాట మాకు జరిగిన దాన్ని బట్టి ఉంటుంది. వరద నీళ్ళు రాని ఇంట్లో పిల్లలకి ఈ సీన్ రెండు ట్యాంకు పోరాటాల మధ్య కాస్త నెమ్మదైన చోటుగా మిగిలిపోవచ్చు. ఐదేళ్ళ లోపు వాళ్ళకి గిల్మోర్ మనుషులు పట్టుకుపోవడం, బంధించడం భయం పుట్టిస్తాయి, రాత్రి పూట వద్దు. మా వాడిప్పుడు అక్షరాలు తనే చదువుకుంటున్నాడు గానీ, అవి వాడి కంటే వేగంగా పోతాయి. సునియో మాట్లాడే చోట సగం మిస్సవుతాడు, ఇప్పటికీ నన్నే పిలుస్తాడు. చదవడం రాని పిల్లలైతే, పక్కన కూర్చుని చెప్పేంత తీరిక మీకున్న రోజే పెట్టండి.