నోటో సాన్స్ తెలుగు: బోల్డు బంగారం, ఒత్తుల దగ్గరే జాగ్రత్త

తెలుగు సైటుకు ఏ ఫాంటు పెట్టుకోమంటారని అడిగినవాళ్లందరికీ కొన్నేళ్లుగా నేను చెబుతున్న పేరు, గూగుల్ ఉచితంగా ఇచ్చే నోటో సాన్స్ తెలుగు. అందం చూసి కాదు. ఇంతకన్నా ఒంపుసొంపులున్న తెలుగు ఫాంట్లు ఉన్నాయి. నన్ను కట్టిపడేసింది దీని బోల్డు.

ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఒకటే మందం. మండలి అనే ఫాంటు చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ రెగ్యులర్ తప్ప ఇంకోటి లేదు. రామభద్ర అనే ఫాంటుకీ ఒకటే, అది పుట్టుకతోనే లావు. మండలిలో రాసిన పేరాలో ఒక మాటను బోల్డు చేశారనుకోండి. అసలు బోల్డు ఫాంటు దొరకదు కాబట్టి బ్రౌజరు ఉన్న అక్షరానికే చుట్టూ మందం పూసి చూపిస్తుంది. ఇంగ్లిషు అక్షరాలకు ఇది ఎలాగో చెల్లిపోతుంది. మన ఘ, ణ, క్ష లోపలి ఖాళీలు అసలే ఇరుకు, అవి పూడిపోయి సిరా అలికినట్టు అవుతుంది. నోటోలో 100 నుంచి 900 దాకా మందాలున్నాయి (400 అంటే మామూలు, 700 అంటే బోల్డు), బోల్డు చేసినా అక్షరం లోపల గాలి ఆడుతుంది. పేరాకు 400, ఉపశీర్షికకు 600, శీర్షికకు 700 పెట్టారంటే రంగులూ గీతలూ లేకుండానే పేజీకి ఒక వరుస వస్తుంది. డిజైను రానివాళ్లకు ఇంతకన్నా తేలికైన ఉపాయం నాకు తెలియదు.

ఒక్కటి మాత్రం మరిచిపోకండి. గూగుల్ ఫాంట్స్‌లో లింకు తీసుకునేటప్పుడు 400 ఒక్కటే ఎంచుకుంటే నోటోలోనూ వచ్చేది ఆ పూత బోల్డే. అనుమానముంటే పేజీ రూపురేఖలు రాసే స్టైల్‌షీట్‌లో ఫాంట్-సింథసిస్ (font-synthesis) విలువ నన్ (none) అని పెట్టి చూడండి, అది బ్రౌజరు పూతను ఆపేస్తుంది. బోల్డు మాటలన్నీ మామూలుగా మారిపోతే ఇన్నాళ్లూ చూసింది పూతే. 600, 700 కూడా లింకులో చేర్చండి.

ఇక గొడవంతా ఒత్తులతో. రెడీమేడ్ టెంప్లేట్లలో శీర్షికల లైన్-హైట్ (అక్షరం సైజుకు వరుస ఎత్తు ఎన్ని రెట్లో చెప్పే అంకె) సాధారణంగా 1.1 లేదా 1.2 ఉంటుంది. ఇంగ్లిషుకు అది చాలు. "రాష్ట్రీయ" అన్న మాట చూడండి: ష మీద గుడి దీర్ఘం, కింద ట ఒత్తు, దానికి తోడు క్రారవడి. 40 పిక్సెళ్ల శీర్షికకు 1.1 అంటే వరుసకు దక్కేది 44 పిక్సెళ్లు. శీర్షిక రెండు వరుసలైతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుకుంటాయి. ఇది కంటికి కనిపించే తప్పు కాబట్టి సరిచేయడమూ తేలికే. శీర్షికకు 1.4 నుంచి 1.5, పేరాకు 1.7 నుంచి 1.8 పెట్టండి. అంకె పక్కన పిక్సెల్ వంటి కొలమానమేదీ రాయకండి, రాస్తే లోపలి పెద్ద అక్షరాలకూ అదే ఎత్తు అంటుకుంటుంది.

సులువుగా కంటపడనిది కార్డుల్లో జరుగుతుంది. రెండు వరుసల తర్వాత చుక్కలు పెట్టి ఆపేసే వార్తా కార్డుల్లో ఓవర్‌ఫ్లో హిడెన్ అని, అంటే పెట్టె దాటినదాన్ని దాచేయమని, ఉంటుంది. వరుస ఎత్తు చాలకపోతే చివరి వరుస ఒత్తులు కత్తెర వేసినట్టు తెగిపోతాయి. "పద్యం"లో య ఒత్తు సగం తెగినా అది డిజైనేమో అనిపించి చూపు దాటిపోతుంది. చాలామంది చేసే మరమ్మతు కింద కాస్త ప్యాడింగ్, అంటే పెట్టె లోపలి అంచున ఖాళీ, ఇవ్వడం. ఇస్తే ఒత్తులు తిరిగొస్తాయి, వాటితోపాటు దాచేసిన మూడో వరుస గుడులూ తలకట్లూ ఆ ఖాళీలోంచి తొంగిచూస్తాయి, ఎందుకంటే ఓవర్‌ఫ్లో కోసేది ప్యాడింగ్ అంచు దగ్గర. కాబట్టి ఇక్కడ పనిచేసే మందు లైన్-హైట్ పెంచడమే, ప్యాడింగ్ కాదు.

రంగులు కలిసిపోయే గ్రేడియంట్ శీర్షికల్లో తీరు వేరు. అక్కడ అక్షరాన్ని పారదర్శకం చేసి, వెనక రంగును అక్షరం ఆకారంలో చూపిస్తారు. పెట్టె దాటి కిందికి దిగిన ఒత్తుకు వెనక రంగే ఉండదు, అది మాయమైపోతుంది. దీనికి మాత్రం కింద 0.25 ఈఎమ్ (అక్షరం సైజులో పావు వంతు) ప్యాడింగ్ పనిచేస్తుంది. బటన్లకైతే 40 పిక్సెళ్ల స్థిర ఎత్తు తీసేసి, మిన్-హైట్ (కనీస ఎత్తు) పెట్టి పైనా కిందా ప్యాడింగ్ ఇవ్వండి. టెంప్లేటులో లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య అదనపు ఖాళీ), ఇటాలిక్ (వాలు అక్షరాలు) ఉంటే తెలుగుకు రెండూ తీసేయండి.

సరిచూసుకునేటప్పుడు ఆండ్రాయిడ్ ఫోను ఒక్కదాన్నే నమ్మకండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగుకు ముందే నోటో ఉంటుంది, మీ లింకు విరిగిపోయినా అక్కడ అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అదే పేజీ విండోస్‌లో నిర్మలా యూఐ ఫాంటులోనో, ఐఫోన్లో ఆపిల్ తెలుగు ఫాంటులోనో తెరుచుకుంటే వరుసలు విరిగే చోట్లే మారిపోతాయి. కంప్యూటర్లో క్రోమ్ డెవలపర్ టూల్స్ తెరిచి, ఎలిమెంట్స్‌లో ఆ పేరా ఎంచుకుని, కంప్యూటెడ్ ట్యాబ్ అడుగుదాకా వెళ్లండి. రెండర్డ్ ఫాంట్స్ దగ్గర నోటో పేరు పక్కన నెట్‌వర్క్ రిసోర్స్ అని ఉంటేనే మీ లింకు పనిచేస్తున్నట్టు. లోకల్ ఫైల్ అని ఉంటే ఆ కంప్యూటర్లో ఉన్న ఫాంటు మీకు అడ్డుపడి ఆదుకుంటోందన్నమాట.

బోల్డును అంత పొగిడాను గానీ, 14 పిక్సెళ్ల దగ్గర 700లో కూడా ణ, క్ష ఇరుకవుతాయి. మెనూలకు, ఫొటోల కింది వ్యాఖ్యలకు ఇప్పుడు నేను 600 దాటడం లేదు. 100, 200 పేరాకు పనికిరావు, మామూలు తెరల మీద గీతలు వెలిసిపోతాయి. పేరా సైజు కూడా ఇంగ్లిషుకు పెట్టే 16 కాకుండా 18 పెడితేనే ఒత్తులు తేటగా కనిపిస్తున్నాయి.

నా పని ఎక్కువగా పొడుగాటి వ్యాసాల పేజీలు, ఫారాలు, సూచనలు. వాటికి ఈ ఫాంటును మార్చే ఆలోచన లేదు. పోస్టర్లు, పుస్తకాల అట్టలు చేసేవాళ్లకు ఇది చప్పగా అనిపించవచ్చు, ఆ మాట నేను కాదనను. నాలుగు మాటల పెద్ద శీర్షికకు నేనూ రామభద్రనే తీస్తాను. కథలూ కవితలూ పెట్టే పేజీకి నోటో సెరిఫ్ తెలుగు ఒకసారి వేసి చూడండి, దానిలోనూ ఇన్ని మందాలూ ఉన్నాయి. ఏది పెట్టినా సైటు బయటికి వదిలే ముందు "రాష్ట్రీయ", "స్త్రీ", "జ్యోత్స్న", "స్వాతంత్ర్యం" అన్న నాలుగు మాటలనూ ప్రతి కార్డులో, ప్రతి బటన్లో, రెండు వరుసల శీర్షికలో ఒకసారి వేసి చూసుకోండి.