బొగ్గుబాయి టోపీతో టోక్యోకి: బొమ్మలు మార్చి చేసేవాళ్ళకి ఏ చోటు ఎంత పనికొస్తుంది

ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు టోక్యోలో ఉండి వచ్చాను. గుళ్ళు, ఫుజి కొండ లాంటివి ఇందులో ఉండవు, ముందే చెప్పేస్తున్నా. నేను వెళ్ళింది యాక్షన్ ఫిగర్ల (కీళ్ళు కదిలే చిన్న బొమ్మల) కోసం, వాటి విడిభాగాల కోసం, టోక్యో పక్కనే చీబాలో ఉన్న మకుహరి మెస్సె ప్రదర్శనశాలలో జరిగే బొమ్మల పండగ వండర్ ఫెస్టివల్ కోసం. ఇదే పిచ్చి ఉన్నవాళ్ళు ప్లాన్ చేసుకుంటుంటే ఎక్కడ ఎంత టైమ్ పెట్టాలో తెలుస్తుందని రాస్తున్నాను.

నాకు బొమ్మ కొని ఉన్నది ఉన్నట్టు షెల్ఫులో పెట్టుకోవడానికి మనసొప్పదు. ఒకదాని తల, ఇంకోదాని చేతులు తీసుకుని, సందులు ఎం-సీల్‌తో పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, రంగేసి కొత్త మనిషిని చెయ్యాలి. కొండపల్లిలో కాళ్ళూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు కదా, పని అదే, సరుకు వేరు. ఈసారి చేసినవాడు చంద్రుడి మీద గని కార్మికుడు. 1/12 స్కేలు, అంటే దాదాపు 15 సెంటీమీటర్లు. మాది గోదావరిఖని, మా బాపు సింగరేణిలో రిటైరయ్యారు, అందుకే నా బొమ్మకి స్పేస్ సూట్ మీద బాయి టోపీ, టోపీకి లైటు, నడుముకి బ్యాటరీ పెట్టె ఉంటాయి. అదే వేషం నా ఒంటి కొలతకి కూడా చేసుకున్నాను. హైదరాబాద్ రాణీగంజ్‌లో ఫోమ్ షీట్లు కొని, హీట్ గన్‌తో వంచి, నాలుగు నెలలు రాత్రిళ్ళు కూర్చుంటే తయారైంది.

ప్రయాణం సంగతి త్వరగా చెప్పేస్తా. బెంగళూరు నుంచి నరితాకి జపాన్ ఎయిర్‌లైన్స్ డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, హైదరాబాద్ నుంచి లేదు కాబట్టి అదే నాకు సుఖం అనిపించింది. టోపీని అట్టపెట్టెలో బట్టల మధ్య పెట్టి చేతి సామానుగా తీసుకెళ్ళాను, ఛాతీ కవచం, భుజాలు చెక్-ఇన్‌లో వేశాను. బొమ్మ మాత్రం నా జేబులోనే. నరితా నుంచి స్కైలైనర్ రైలు ఎక్కితే టోక్యోలోని నిప్పోరి నలభై నిమిషాల లోపే, టికెట్ రెండున్నర వేల యెన్లు పైచిలుకు. నేను వెళ్ళినప్పుడు వంద యెన్లంటే యాభై, అరవై రూపాయల మధ్య.

బస దగ్గర మొదటి తప్పు చేశాను. డబ్బు మిగులుతుందని మూడు రాత్రులకి క్యాప్సూల్ హోటల్ (గది బదులు మనిషి పట్టేంత పెట్టెలో పడుకునేది) బుక్ చేశా. శుభ్రంగా ఉంది, వేడినీళ్ళ స్నానం బాగుంది, కానీ పడుకునే పెట్టెలో సామాను పెట్టుకోనివ్వరు, లాకర్ ఏమో సన్నగా నిలువుగా ఉంటుంది, టోపీ పెట్టె అందులో పట్టదు. బుకింగ్‌లో సామాను భద్రపరుస్తాం అని రాసి ఉంది, తీరా వెళ్ళాక అంత పెద్ద పెట్టె రాత్రంతా కౌంటర్ దగ్గర ఉంచలేం అన్నారు. అటూ ఇటూ మార్చి మార్చి పెట్టేసరికి పొద్దున్నే చూస్తే టోపీ ముందున్న వైజర్‌కి అడ్డంగా బీట. నాలుగు నెలల పని కదా, ఆ బీట చూసి కాసేపు అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయా. ఆ రోజే మిగతా రెండు రాత్రుల డబ్బు వదులుకుని నిప్పోరి స్టేషన్ దగ్గర మామూలు బిజినెస్ హోటల్‌కి మారాను. గది చిన్నదే, మంచం పక్కన సూట్‌కేస్ తెరిస్తే నడవడానికి చోటు ఉండదు, కానీ రాసుకునే బల్ల ఉంది, బల్ల మీద లైటు ఉంది, కెటిల్ ఉంది. మనలాంటివాళ్ళకి ఆ మూడూ ఉంటే చాలు, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది అన్నది అనవసరం. కాస్ప్లే (పాత్రల వేషాలు వేసుకోవడం) సామానుతో వెళ్ళేవాళ్ళు క్యాప్సూల్ జోలికి వెళ్ళకండి.

వైజర్ కోసం షింజుకులో హ్యాండ్స్‌కి వెళ్ళాను. టోక్యూ హ్యాండ్స్ అని పాత పేరుతో చాలామంది వినే ఉంటారు, 2022లో పేరు మార్చారు. చేతిపని సామాను అంతస్తులకి అంతస్తులు. పల్చటి పారదర్శకం షీటు, డబుల్ టేపు, చిన్న కత్తి తీసుకుని హోటల్లో పాత వైజర్‌ని కాగితం మీద గీసి కొత్తది కత్తిరించా. సరుకు నాణ్యత గొప్పగా ఉంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే. అత్యవసరానికి మంచి చోటు, తీరిగ్గా కొనుక్కోవడానికి మాత్రం కాదు.

బట్టకైతే నిప్పోరిని మించింది లేదు. స్టేషన్ నుంచి బయటికి వస్తే ఒకటే వీధి, దాని పొడుగునా బట్టల కొట్లు, జిప్పులు, గుండీలు, తోలు ముక్కలు అమ్మేవాళ్ళు. టొమాటో అనే పెద్ద కొట్లో మీటరు 100 యెన్ల నుంచి బట్ట దొరుకుతుంది. సూట్‌కి మోచేతుల దగ్గర వెయ్యడానికి వెండి మెరుపున్న నైలాన్ రెండు మీటర్లు తీసుకున్నా. నాకు జపనీస్ పది మాటలకి మించి రావు, అయినా చేత్తో కొలత చూపిస్తే కోసి ఇచ్చారు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆదివారం చాలా కొట్లు మూసే ఉంటాయి.

ఇక నకానో. షింజుకు నుంచి చువో లైన్‌లో ఐదు నిమిషాలు. స్టేషన్ ఎదురుగా సన్ మాల్ అనే కప్పున్న బజారు వీధి, దాని చివర నకానో బ్రాడ్‌వే. 1966లో కట్టిన బిల్డింగ్, పై అంతస్తుల్లో ఇప్పటికీ ఇళ్ళున్నాయి. ఎస్కలేటర్ ఎక్కితే రెండో అంతస్తులో ఆగకుండా నేరుగా మూడోదానికి తీసుకెళ్ళిపోతుంది, మొదటిసారి అందరూ తికమకపడతారు. 1980లో ఇక్కడ చిన్న పాత కామిక్స్ కొట్టుగా మొదలైన మండరాకెకి ఇప్పుడు ఇదే బిల్డింగ్‌లో బోలెడు కొట్లు, ఒక్కోదానిలో ఒక్కో రకం సరుకు. పొద్దున్నే వెళ్ళొద్దు, మధ్యాహ్నం పన్నెండుకి తెరుస్తారు.

నేను మూడు మధ్యాహ్నాలు ఇక్కడే గడిపాను, మళ్ళీ వెళ్తే నాలుగు పెడతాను. కారణం పెట్టెలు లేని బొమ్మలు. పెట్టె పోయిందనో, ఒక చెయ్యి విరిగిందనో, రంగు రాసుకుందనో ధర తగ్గించి, ఆ లోపం ఏమిటో కవరు మీద చిన్న కాగితంలో రాసి మరీ అమ్ముతారు. బొమ్మ దాచుకునేవాళ్ళకి అవి పనికిరావు, మనకి అవే కావాలి. నా గని కార్మికుడి కుడిచెయ్యి తెరుచుకుని ఉండే రకం, డ్రిల్లు పట్టుకోలేదు. మూడో అంతస్తులో ఒక చిన్న కొట్లో ప్లాస్టిక్ డబ్బా నిండా విడి చేతులు, జత 200 యెన్లు. కొట్టాయనకి నా బొమ్మ చూపించి, పెట్టి చూడొచ్చా అని సైగ చేశా. ఆయన తల ఊపి, కౌంటర్ మీద గుడ్డ పరిచి, పడ్డ ముక్క దొరికేలా చుట్టూ చిన్న అంచు మడిచారు. ఎవరూ అడక్కుండానే. బొమ్మల మణికట్టు దగ్గర కీలు గోళీలా ఉంటుంది, కంపెనీని బట్టి దాని మందం వెంట్రుకవాసి మారుతుంది, ఫొటో చూసి ఆన్‌లైన్‌లో కొంటే సగంసార్లు పట్టదు. ఆరు జతలు చూశాక ఏడోది టక్కుమని కూర్చుంది, వేళ్ళు సరిగ్గా డ్రిల్లు పిడి మందానికి ముడుచుకుని ఉన్నాయి. ఆ టక్కు శబ్దం కోసమే నేను అంత దూరం వెళ్ళాననిపించింది.

బొమ్మలకీ ఎలక్ట్రానిక్స్‌కీ పేరున్న అకిహబారా గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను తక్కువే రాస్తా. 2014లో కొత్తగా కట్టి తెరిచిన రేడియో కైకాన్ బిల్డింగ్‌లో ఒక్క పూటలో చాలా చూడొచ్చు, కైయోడో, వోక్స్ లాంటి బొమ్మల కంపెనీల పేర్లన్నీ అక్కడే ఉన్నాయి. అద్దాల పెట్టెలు నెలకి అద్దెకి తీసుకుని మామూలు మనుషులు తమ సరుకు అమ్ముకునే షోకేసులు నాకు బాగా నచ్చాయి, వాటిలో అప్పుడప్పుడు ఎవరో చేత్తో రంగేసిన తలలు కూడా కనిపిస్తాయి. కొత్త బొమ్మ సీలు పెట్టెతో కావాలంటే అకిహబారాకే వెళ్ళండి. ముక్కలు కావాలంటే మాత్రం నకానోయే. ఒకే సిరీస్ పాత బొమ్మకి రెండుచోట్లా ధర చూశా, తేడా పెద్దగా లేదు, కానీ అకిహబారాలో జనం తోసుకుంటుంటే నిలబడి చూసే ఓపిక ఉండదు.

ఒడైబాకి షింబాషి నుంచి యురికమోమె అనే డ్రైవర్ లేని రైల్లో వెళ్ళాలి, ముందు పెట్టెలో సీటు దొరికితే రెయిన్‌బో బ్రిడ్జి మీద ప్రయాణం చాలా బాగుంటుంది. డైవర్‌సిటీ మాల్ ముందు నిలబెట్టిన యూనికార్న్ గుండామ్ అనే రోబో బొమ్మ 19.7 మీటర్ల ఎత్తు. దాని కాళ్ళ దగ్గర నిలబడి పైకి చూడాలి, కవచం పలకల మధ్య గీతలు, హెచ్చరిక అక్షరాలు, బోల్టులు ఎంత దూరంలో ఎంత మందంగా పెట్టారో చూస్తే మన చిన్న బొమ్మ మీద గీత ఎంత సన్నగా ఉండాలో అర్థమవుతుంది. నేను ఫొటోలన్నీ మోకాలి కీళ్ళకే తీసుకున్నా. అదే మాల్‌లో గుండామ్ బేస్‌లో ముక్కలుగా వచ్చి మనమే బిగించుకునే గుండామ్ కిట్లు గుట్టలుగా ఉన్నాయి. 1980లో 300 యెన్ల కిట్‌తో మొదలైన సరుకు ఇది, ఇప్పటివి జిగురు లేకుండా బిగించుకోవచ్చు కాబట్టి కొత్తగా నేర్చుకునే పిల్లలకి ఇంతకన్నా మంచిది లేదు. సగం రోజు చాలు.

ఇప్పుడు అసలు సంగతి, వండర్ ఫెస్టివల్. కైయోడో నడిపే ఈ పండగ ఏడాదికి రెండుసార్లు, చలికాలం ఒకటి, వేసవి ఒకటి. టోక్యో స్టేషన్ నుంచి కెయియో లైన్‌లో కైహిన్ మకుహరి వెళ్ళాలి, ఆ ప్లాట్‌ఫామ్ మిగతావాటికి ఎంత దూరమంటే స్టేషన్ లోపలే పది పదిహేను నిమిషాలు నడవాలి, పెద్ద పెట్టెతో వెళ్ళేవాళ్ళు ఆ లెక్క వేసుకోండి. బయట క్యూలో సముద్రం గాలి ఎముకలు కొరికేసింది. వేషం ఇంటి నుంచి వేసుకుని రాకూడదు, అక్కడే మార్చుకునే గదులుంటాయి, దానికి విడిగా రుసుము. పదునైనవి, లోహంతో చేసినవి పట్టుకోనివ్వరు, నా డ్రిల్లు ఫోమ్‌దే కాబట్టి టెన్షన్ లేకుండా అయిపోయింది. వరస, శుభ్రత, మాటతీరు అన్నిటికీ నేను పూర్తి మార్కులు వేస్తాను.

లోపల బల్లల వరసలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఇంట్లో కూర్చుని శిల్పం చేసి, రెజిన్‌లో (పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ ద్రవంలో) పోత పోసి తెచ్చుకున్నవాళ్ళు వందల కొద్దీ. ఇతరుల పాత్రల బొమ్మలు వీళ్ళు అమ్మడానికి ఒక ఏర్పాటు ఉంది, హక్కుదారులు ఆ ఒక్క రోజుకి, ఆ ఒక్క చోటికి అనుమతి ఇస్తారు. సాయంత్రం దాటితే ఆ బొమ్మ మళ్ళీ అమ్మకూడదు. ఇలాంటిది మన కామిక్ కాన్‌లలో కూడా వస్తే ఇక్కడ చేతిపని చేసే కుర్రాళ్ళు ఎంతమంది బయటపడతారో అనిపించింది.

నేను నా వేషంలో ఒక బల్ల దగ్గర ఆగితే, అక్కడున్న పెద్దాయన నన్ను కాదు, నా చేతిలో బొమ్మని చూశారు. టోపీ లైటు మీద వేలు పెట్టి "తాంకో" అన్నారు. బొగ్గు గని అని ఫోన్‌లో చూస్తే తెలిసింది. వాళ్ళ నాన్నగారిది హొక్కైడోలో యుబరి, అక్కడ చివరి గని 1990లో మూసేశారు. తర్వాత ఆయన లైటు నుంచి బ్యాటరీకి వెళ్ళే వైరు చూపించి తల అడ్డంగా ఊపారు. నేను దాన్ని ఛాతీ మీదుగా దించాను. ఆయన తన వీపు మీద చెయ్యి వేసి చూపించారు, వెనక నుంచి రావాలని. రాత్రి హోటల్ నుంచి బాపుకి వీడియో కాల్ చేసి అడిగా. "ముందు నుంచి ఎట్ల వస్తదిరా, వంగితే కాళ్ళకు తట్టుకోదా? టోపీ వెనకాల క్లిప్పు ఉంటది, దాంట్లకెల్లి నడుముకు పోతది" అన్నారు.

కెటిల్‌లో నీళ్ళు మరగబెట్టి, గ్లాసులో బొమ్మ తలని ఓ నిమిషం ముంచితే ప్లాస్టిక్ మెత్తబడి మెడ ఊడి వచ్చింది. టోపీ వెనక సూదితో రంధ్రం పెట్టి, పాత వైరు పీకేసి, కొత్తది వీపు మీదుగా దించి నడుము పెట్టెకి కలిపాను. నా ఒంటి మీది వేషానికి కూడా అలాగే మార్చాలి, అది హైదరాబాద్ వచ్చాక చేశా.

తిరుగు ప్రయాణం గురించి ఒక్క మాట. అక్కడి లాక్వర్ (వార్నిష్ లాంటి) రంగులు, స్ప్రే డబ్బాలు చూసి మనసు పడతారు, కొనకండి, మండేవి కాబట్టి విమానంలో ఎక్కనివ్వరు. బ్రష్షులు, నిప్పర్లు (ముక్కలు కత్తిరించే పటకార్లు), గరుకు కాగితాలు కొనుక్కోండి, కత్తులూ నిప్పర్లూ చెక్-ఇన్‌లో వేయండి. ఆ పెద్దాయన దగ్గర కొన్న రెజిన్ కిట్ ఇంకా సంచిలోనే ఉంది. ముందు సబ్బునీళ్ళతో కడగాలి, లేకపోతే పోత అచ్చు నూనె మీద ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) నిలవదు, వచ్చే ఆదివారం ఆ పని.