ఐదేళ్లుగా నా మల్టీమీటర్: బీప్ కంటే వోల్టులే మేలు

కొన్న కొత్తలో వోల్టులు, కరెంటు వగైరా కొలిచే ఈ మీటర్‌లో నాకు బాగా నచ్చింది బీప్. రెండు ప్రోబ్‌లూ (మీటర్ వైర్ల చివరనుండే సూదిమొనలు) వైరు కొసలకు ఆనించి, బీప్ వినబడితే వైరు బాగున్నట్టే అనుకునేవాణ్ణి. అడిగినవాళ్లందరికీ అదే చెప్పాను. కిందటి వానాకాలం మా కారు టెయిల్ లైట్‌తో పడ్డ పాట్ల తర్వాత ఆ మాట కొంచెం సవరించుకుంటున్నాను.

కుడివైపు లైటు మామూలుగా వెలిగేది. బ్రేక్ తొక్కితే మాత్రం ఎర్రగా మండాల్సింది పోయి మసకబారేది, పక్కన ఇండికేటర్ సన్నగా వెలిగేది. రాత్రిపూట వెనకాల లారీ ఉంటే ఎంత టెన్షనో! బల్బు మార్చాను, ఫ్యూజ్ చూశాను. ఎర్త్ మీద, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి మీద అనుమానమొచ్చి హోల్డర్ నల్ల వైరుకీ కారు బాడీకీ ప్రోబ్‌లు పెడితే బీప్ గట్టిగానే మోగింది. సరే, ఎర్త్ బాగుందని వదిలేశాను. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే వెనక వైరింగంతా మార్చాలన్నాడు.

మరో ఆదివారం మా అబ్బాయిని బ్రేక్ తొక్కి పట్టుకోమని, మీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి అవే రెండు చోట్ల ఆనించాను. 3.8 వోల్టులు! ఎర్త్ బాగుంటే అక్కడ దాదాపు సున్నా రావాలి. బీప్ కోసం మీటర్ పంపే కరెంటు బహుస్వల్పం, 21 వాట్ల బ్రేక్ బల్బుకేమో రెండు ఆంపియర్ల దాకా కావాలి. రెండు ఓమ్‌ల అడ్డున్నా బీప్ మోగుతుంది, బల్బు మాత్రం నీరసపడుతుంది. తిన్నగా దారి లేక కరెంటు ఇండికేటర్ బల్బు గుండా పోతోందన్నమాట.

డిక్కీ లైనింగ్ ఎత్తి నల్ల వైరు వెంబడే వెళ్తే ఎర్త్ బోల్టు దొరికింది. మాది కాకినాడ, ఉప్పుగాలి. రింగు కింద తుప్పు పొరలుగా లేచి, గోటితో గీకితే రాలిపోతోంది. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బోల్టు బిగించి, పైన వాసెలిన్ పూశాను. ఈసారి మీటర్‌లో 0.05. "వెలిగిందా నాన్నా?" అని వాడు లోపల్నుంచి అరుస్తుంటే, ఎర్రటి వెలుగు నా చేతుల మీద పడింది. ఎంత సంతోషమేసిందో!

ప్రోబ్ వైర్లు పొట్టివి, ముందున్న బ్యాటరీ దాకా అందవు. మొసలి క్లిప్పులు విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది. నాది బల్బుల కాలపు పాత కారు, ఆదివారాలు తీరిక ఉంటుంది కాబట్టి నాకు ఈ 700 రూపాయల మీటర్ సరిపోయింది. లైట్లన్నీ కంప్యూటర్ చేతిలో ఉండే కొత్త కార్లకు ఆ కంప్యూటర్ చూపే లోపాలను చదివే స్కానర్ కూడా కావాలి.