కోవర్కింగ్‌లో సీటు తీసుకునే ముందు కమ్యూనిటీ మేనేజర్‌ని చూడండి

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు కోవర్కింగ్ స్పేస్‌లు, అంటే నెలకింత అని సీటు అద్దెకిచ్చే ఉమ్మడి ఆఫీసులు, పైకి దాదాపు ఒకేలా ఉంటాయి. అద్దాల క్యాబిన్లు, కుండీల్లో మొక్కలు, కాఫీ మెషీన్. నెలనెలా కట్టే డబ్బుకు న్యాయం జరుగుతోందా లేదా అనేది ఫ్లోర్ మీదుండే కమ్యూనిటీ మేనేజర్‌ని బట్టి ఉంటుంది. ఈ రివ్యూ ఆ సేవ గురించే.

ఫ్లోర్ తిప్పి చూపించిన సేల్స్ మనిషి సంతకాలు అయ్యాక మళ్లీ కనబడడం తక్కువ. ఆ తర్వాత యాక్సెస్ కార్డు, మీటింగ్ రూమ్, బిల్లు, కొరియర్, ఏసీ అన్నీ మేనేజర్ మీదే పడతాయి. పుట్టినరోజు కేకులు, శుక్రవారం ఆటలే ఈ ఉద్యోగం అనుకుంటారు చాలామంది. అవి లేకపోయినా ఫ్లోర్ నడుస్తుంది, మిగతావి లేకపోతే నడవదు.

ముందుగా నెట్. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు కొన్ని సెకన్లు పడుతుంది. రూటర్, స్విచ్‌లు యూపీఎస్ మీద లేకపోతే అవి ఆగి మళ్లీ లేచేసరికి నిమిషాలు గడుస్తాయి, క్లయింట్ కాల్ మధ్యలోనే పోతుంది. రెండు లైన్లు ఉన్నాయని అందరూ చెబుతారు. రెండూ ఒకే దారిలో బిల్డింగ్‌లోకి వస్తుంటే రోడ్డు తవ్విన రోజు రెండూ పోతాయి. పని తెలిసిన మేనేజర్ అప్పుడప్పుడూ పొద్దున్నే, జనం రాకముందు, ఒక లైన్ పీకి రెండోది అందుకుంటోందో లేదో చూస్తారు. "చివరిసారి ఎప్పుడు చూశారు?" అని అడగండి. తేదీ చెప్పగలిగితే నమ్మొచ్చు.

బిల్లుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. సీటు అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మొదటి ఇన్‌వాయిస్‌లోనే మీ కంపెనీ జీఎస్టీ నంబరు, 15 అక్షరాలూ తప్పు లేకుండా పడాలి. లేదంటే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే ఇక్కడ కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునే వీలు, ఆగుతుంది. ఇంకో చిక్కుంది. కంపెనీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ కర్ణాటకలో మాత్రమే ఉండి సీటు హైదరాబాద్‌లో తీసుకుంటే, ఇక్కడ పడేది తెలంగాణ పన్ను. దాన్ని అక్కడ క్రెడిట్‌గా వాడుకోలేరు. ఈ మాట సంతకానికి ముందే చెప్పే మేనేజర్‌కి పూర్తి మార్కులు ఇవ్వొచ్చు.

అదే అడ్రస్ మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకునేవాళ్లకు అగ్రిమెంట్, ఓనర్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), కరెంటు బిల్లు ఇచ్చేస్తే పని అయిపోదు. ఆఫీసర్ తనిఖీకి వచ్చి కంపెనీ పేరు చెప్పినప్పుడు రిసెప్షన్‌లో అమ్మాయి "ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరండీ" అందంటే దరఖాస్తు తిరస్కరణ దాకా పోవచ్చు. మెంబర్ల పేర్ల జాబితా డెస్క్ మీద ఉండాలి, గేటు దగ్గర సెక్యూరిటీకి కూడా తెలియాలి. నంబరు వచ్చాక ప్రవేశం దగ్గరి బోర్డు మీద పేరుతో పాటు అదీ ఉండాలి. ఇవన్నీ చూసుకోవాల్సింది మేనేజరే.

మీటింగ్ రూమ్‌ల గొడవ అందరికీ తెలిసిందే. యాప్‌లో బుక్ చేసి రాకపోతే 15 నిమిషాల తర్వాత వదిలేయాలన్న నియమం, దాన్ని మొహమాటం లేకుండా అమలు చేసే మనిషి ఉంటే చాలు.

ఇక పరిచయాలు. మూడో వరుసలో కూర్చునే ఆడిటర్ ఎవరో, మూలన ఉన్న ఇద్దరూ ఏ యాప్ కడుతున్నారో తెలిసిన మేనేజర్ ఒక్క మాటతో పని కలుపుతారు. ఇద్దరినీ విడివిడిగా అడిగాకే కలపాలి. అడక్కుండా నంబర్లు ఇచ్చేస్తే జనం తప్పించుకు తిరగడం మొదలుపెడతారు.

మంచి మేనేజర్లు కూడా చేతకానివాళ్లలా కనబడేది అధికారం లేనప్పుడే. బల్బు మార్చడానికీ హెడ్ ఆఫీసు అనుమతి కావాలంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? దానికి తోడు కొత్త సీట్లు అమ్మే టార్గెట్ కూడా నెత్తిన పెడితే ఫ్లోర్ గాలికి పోతుంది. అడగకుండా ఎంత ఖర్చు పెట్టగలరో, ఎన్ని సీట్లకు ఒక మేనేజరో, సెలవు రోజు ఎవరు చూస్తారో కనుక్కోండి.

టూర్ చూసి సీటు తీసుకోవద్దు. డే పాస్ కొనుక్కుని సోమవారం 11 గంటలకు వెళ్లి కూర్చోండి. రాత్రి ఏసీ ఎన్నింటికి ఆపుతారు, నోటీసు పీరియడ్ ఎంత, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అన్నవి మేనేజర్ చేత ఈమెయిల్‌లో రాయించుకోండి. మేనేజర్లు మారుతుంటారు, కొత్తగా వచ్చినవాళ్లకు పాత నోటిమాట తెలియదు.