కాంటా రూము కంప్యూటర్‌కు చలిమంట: ఎస్‌టీసీ-1000 ఎంతవరకు పనికొస్తుంది?

ఎస్‌టీసీ-1000 కంప్యూటర్ల కోసం పుట్టిన సామాను కాదు. డీప్ ఫ్రీజర్లకు, చేపల తొట్లకు, గుడ్లు పొదిగే పెట్టెలకు బిగించే చిన్న టెంపరేచర్ కంట్రోలర్. పత్తి మిల్లు కాంటా రూములో, రేకుల షెడ్డు కింద ఇనుప పెట్టెలో పెట్టిన కంప్యూటర్‌ను చలి నుంచి ఇది కాపాడుతుందా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. హీటర్ నడిపించడానికి భేషుగ్గా ఉంటుంది. పత్తి నూగు ఎగిరే చోట ఫ్యాన్ మాత్రం దీనికి అప్పగించొద్దు.

వరంగల్ టౌన్‌లో ఉండేవాళ్లకు ఈ గొడవే అక్కర్లేదు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు సంగతి వేరు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో టెంపరేచర్ ఒక్క అంకెకు దిగుతుంది, పత్తి సీజను కూడా సరిగ్గా అప్పుడే. అయినా కంప్యూటర్‌ను పాడుచేసేది చలి కాదు, నెమ్ము. రాత్రంతా ఆపేసి ఉంచిన పెట్టె తెల్లారేసరికి ఇగం పట్టి 7, 8 డిగ్రీల దగ్గర ఉంటుంది. పొద్దెక్కాక తలుపు తీస్తే బయటి గాలి లోపలికొస్తుంది. 18 డిగ్రీల గాలిలో తేమ 75 శాతం ఉంటే, పదమూడున్నర డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ప్రతి లోహం మీదా చెమ్మ పడుతుంది. కేబినెట్ రేకు మీద కనిపిస్తుంది గానీ మదర్‌బోర్డు మీద కనిపించదు. దాని మీద పత్తి నూగు పేరుకుని ఉంటే తడి అక్కడే పట్టుకుని ఉంటుంది. అదే సమయంలో పవర్ బటన్ నొక్కుతారు.

అందుకే పెట్టె లోపల 14 డిగ్రీలకు తగ్గకుండా చూసుకుంటే చాలు, గదిని వేడి చేయాల్సిన పని లేదు. చలికాలంలో రాత్రిపూట కంప్యూటర్‌ను ఆపకపోవడం సగం మందు. ఖాళీగా నడుస్తున్నా 40 వాట్ల దాకా వేడి ఇస్తుంది, స్లీప్‌లోకి పోకుండా సెట్ చేయండి. మిగతా సగం హీటర్.

ఇక వైరింగు. వెనక ఎనిమిది టెర్మినళ్లు: 1, 2 కరెంటు, 3, 4 సెన్సరు, 5, 6 హీటింగు, 7, 8 కూలింగు. ఎలక్ట్రీషియన్లు ఎక్కువగా తడబడేది 5, 6 దగ్గరే. అక్కడి నుంచి కరెంటు బయటికి రాదు, లోపల ఉన్నది ఉత్త స్విచ్చే. ఫేజు వైరును 5కు తెచ్చి, 6 నుంచి హీటర్‌కు తీసుకెళ్లాలి. హీటర్ రెండో కొస న్యూట్రల్‌కు. ఇది తెలియక, లైటు వెలుగుతోంది గానీ హీటర్ పనిచేయట్లేదని డబ్బాను వాపసు పంపేస్తుంటారు.

సెట్టింగులకు ఎస్ బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఎఫ్1 అంటే కావాల్సిన టెంపరేచర్, 16 పెట్టండి. ఎఫ్2 తేడా, 2 పెట్టండి. అంటే 14కు దిగితే హీటర్ వెలుగుతుంది, 16కు చేరితే ఆరుతుంది. అంకె మార్చేటప్పుడు ఎస్ వదలకుండానే పైకి, కిందికి బాణాలు నొక్కాలి. చివర పవర్ బటన్ ఒకసారి నొక్కితేనే సేవ్ అవుతుంది, ఊరికే వదిలేస్తే పాత అంకెలే ఉంటాయి. కరెంటు పోయి వచ్చినా సెట్టింగులు చెరగవు, ఇది దీనిలో మెచ్చుకోవాల్సిన గుణం.

సెన్సరును నమ్మే ముందు ఒక పరీక్ష. గ్లాసు నిండా ఐస్ ముక్కలు వేసి, సందులు నిండేంత నీళ్లు పోసి, బాగా కలిపి సెన్సరు మొనను మధ్యలో ముంచండి. ఐదు నిమిషాల తర్వాత సున్నా చూపాలి. 1.5 చూపితే ఎఫ్4లో మైనస్ 1.5 వేయండి. బిగించేటప్పుడు సెన్సరును హార్డ్ డిస్కు పక్కన, హీటర్‌కు దూరంగా కట్టాలి. తెర మీద ఈఈ అని వస్తే సెన్సరు వైరు తెగినట్టు, ఎలుకలున్న చోట ఇది మామూలే.

హీటర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది కోడిపిల్లలకు పెట్టే 60 వాట్ల బల్బు. జిన్నింగ్ మిల్లులో దాని జోలికి పోవద్దు. గాజు మీద దూది పోగులు వాలితే మాడతాయి, మాడినవి అంటుకుంటాయి. దానికి బదులు అల్యూమినియం తొడుగున్న 1000 ఓమ్‌ల, 100 వాట్ల రెసిస్టరు తీసుకోండి. 230 వోల్టుల మీద సుమారు 53 వాట్లు ఇస్తుంది, రాత్రిపూట వోల్టేజి 250కి ఎగబాకినా 63 దాటదు. దాన్ని మందపాటి అల్యూమినియం పలకకు హీట్‌సింక్ పేస్టు రాసి బిగించాలి, పలకకు ఎర్త్ తప్పనిసరి. తొమ్మిది యూనిట్ల (9U) గోడ ర్యాకు, అంటే గోడకు బిగించే చిన్న ఇనుప పెట్టె, రేకుల మీదుగా వేడి ఎంత పోతుందో లెక్కేస్తే, కంప్యూటరూ రెసిస్టరూ కలిసి బయటికన్నా 12 డిగ్రీలు పైన నిలబెడతాయి. బయట 5 ఉన్నా లోపల 17 అన్నమాట.

ఈ కంట్రోలర్‌లో భయపడాల్సింది ఒకటే. రిలే, అంటే లోపలి స్విచ్చు, కాంటాక్టులు అతుక్కుపోతే హీటర్ ఆరదు, హీటింగు లైటు మాత్రం ఆరినట్టే కనిపిస్తుంది. కాబట్టి హీటర్ లైనులో 70 డిగ్రీల దగ్గర తెగే థర్మల్ ఫ్యూజు ఒకటి వేసి, పలకకు ఆనించి కట్టండి. పది ఇరవై రూపాయల వస్తువు, అది లేకుండా రాత్రిపూట వదిలేయొద్దు. డబ్బా మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. నకళ్లు లెక్కలేనన్ని కాబట్టి 3 ఆంపియర్లకు మించి మోయించకపోవడమే మంచిది. ఈ రెసిస్టరు పావు ఆంపియరే తీసుకుంటుంది.

ఫ్యాన్ ఎందుకు వద్దంటే, దీనిలో సెట్ పాయింటు (కావాల్సిన టెంపరేచర్) ఒక్కటే. తేడా ఎంత పెంచినా 10 దాటదు, పైకీ కిందికీ అదే. ఎఫ్1ను 24, ఎఫ్2ను 10 చేస్తే 14 దగ్గర హీటర్, 34 దగ్గర ఫ్యాన్ అని సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఒకసారి తిరగడం మొదలుపెట్టిన ఫ్యాన్ 24కు దిగేదాకా ఆగదు. నవంబరు మధ్యాహ్నం మొదలైతే రాత్రి దాకా తిరుగుతూ మిల్లులోని నూగంతా లోపలికి లాగుతుంది. హీటర్ 24 దాకా వెలుగుతూ కరెంటు తినేది అదనం. 7, 8 ఖాళీగా వదిలేసి, ఫ్యాన్‌కు కేటీఎస్ 011 రకం నీలం డయలు థర్మోస్టాట్ విడిగా పెట్టి 38కి తిప్పండి. నూగు లేని చోట, అంటే పాల కేంద్రం, కోళ్ల ఫారం ఆఫీసు లాంటి చోట్ల, రెండూ ఎస్‌టీసీ మీదే నడిపినా నష్టం లేదు.

యూపీఎస్ బ్యాటరీని మాత్రం ఈ పెట్టెలో పెట్టొద్దు. చలికి దాని బ్యాకప్ కాస్త తగ్గే మాట నిజమే. అయినా మూసిన పెట్టెలో బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజనూ రిలే నిప్పురవ్వలూ ఒకచోట ఉండకూడదు. కొనేటప్పుడు లేబుల్ మీద 220 వోల్టులు అని చూసి తీసుకోండి, 12, 24, 110 వోల్టుల రకాలూ అచ్చం ఇలాగే ఉంటాయి. ప్యానెల్‌కు కోయాల్సిన కంత 71 మిల్లీమీటర్ల వెడల్పు, 29 ఎత్తు.