నాలుగేళ్ళు వేసుకున్నాక ఎలుగుబంటి డ్రెస్ గురించి

నల్లగొండలో మాది డెకరేషన్ పని. బెలూన్లు, స్టేజీ, కేకు టేబులు, అడిగితే సౌండు బాక్సులు. 2021 చివర్లో ఢిల్లీ నుంచి ఒక ఎలుగుబంటి డ్రెస్ తెప్పించాను. పార్శిల్ ఖర్చుతో కలిపి 11,800 అయింది. మిర్యాలగూడ, నకిరేకల్, దేవరకొండ, రెండుసార్లు మహబూబ్‌నగర్ కూడా తిరిగింది ఆ ఎలుగుబంటి. లెక్క రాయలేదు కానీ రెండొందల ఫంక్షన్లు దాటే ఉంటాయి. "అన్నా, డ్రెస్ ఎట్లుంది, కొనొచ్చా?" అని ఈ లైన్లో ఉన్న పిల్లలు అడుగుతూనే ఉన్నారు. అందుకే రాస్తున్నా.

ముందు చూపు సంగతి. బొమ్మకున్న కళ్ళు ఉత్త ప్లాస్టిక్ బిళ్ళలు. మనం చూసేది దాని నోట్లోంచి. అక్కడ నల్ల జాలీ గుడ్డ కుట్టి ఉంటుంది. ఎదురుగా ఉన్న పెద్దవాళ్ళు బాగానే కనబడతారు. మోకాళ్ళ దగ్గర ఏముందో మాత్రం తెలియదు. పిల్లలు ఉండేదేమో సరిగ్గా అక్కడే. కొన్న నెలలోనే నకిరేకల్‌లో ఒక బుడ్డోడి కాలు తొక్కాను. ఫోమ్ బూటు కాబట్టి దెబ్బ తగల్లేదు. వాళ్ళ నాయనమ్మ ఎలుగుబంటి చెవి పట్టుకుని గుంజి, "కండ్లు కనవడ్తలేవారా నీకు?" అంది. నిజంగానే కనబడటం లేదు. ఆ మాట చెప్పడానికీ లేదు, బొమ్మ నోరు విప్పకూడదు కదా.

తర్వాత ఈ బొమ్మల చరిత్ర చదువుతుంటే కొంచెం ఊరట కలిగింది. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచారు. మొదట్లో అక్కడ తిరిగిన మిక్కీ, మిన్నీ డ్రెస్సులు పార్కు సొంతంగా కుట్టించినవి కావట. ఐస్ కపేడ్స్ అని మంచు మీద స్కేటింగ్ ప్రదర్శనలిచ్చే కంపెనీ దగ్గర అరువు తెచ్చినవి. అంటే దూరంగా కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు చూసే డ్రెస్సులు, కాళ్ళకు చుట్టుకునే పిల్లల కోసం చేసినవి కావు. ఆనాటి ఫోటోల్లో మిక్కీని చూస్తే ఇప్పటి పిల్లలు కచ్చితంగా జడుసుకుంటారు. తర్వాత సొంత డ్రెస్సులు వచ్చాయి, పద్ధతులూ గట్టిపడ్డాయి. జనం ముందు తల తీయకూడదు. తల తగిలించుకున్న బొమ్మ మాట్లాడకూడదు, ముఖం కనబడే రాకుమార్తె వేషాలు మాత్రం మాట్లాడొచ్చు. ఒకే బొమ్మ ఒకేసారి రెండు చోట్ల పిల్లల కంట పడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పక్కన ఒక మనిషి ఉండాలి.

మన దేశంలో 1984లో ఢిల్లీలో అప్పూఘర్ అనే వినోద పార్కు తెరిచినప్పుడు ఆ పేరు కూడా ఒక బొమ్మదే. 1982 ఆసియా క్రీడల ఏనుగు అప్పూ గుర్తుందా? అదే.

పక్కన మనిషి ఎందుకో నాకు మూడేళ్ళకు గానీ అర్థం కాలేదు. హైదరాబాద్ శివారులో ఒక పార్కుకు మా పిల్లలను తీసుకెళ్ళాను. అక్కడ ఏనుగు బొమ్మతో ఫోటోకు పెద్ద లైను. అందరూ ఏనుగును చూస్తుంటే నేను దాని పక్కన నిలబడ్డ అమ్మాయిని చూస్తున్నా. పిల్లలు ఎడమ నుంచి వస్తే ఏనుగు ఎడమ భుజం తట్టేది. వెనక తోక లాగేవాళ్ళను నవ్వుతూనే ముందుకు తెచ్చేది. ఇరవై నిమిషాలు కాగానే దాని మోచేయి పట్టుకుంది, ఏనుగు చేతులూపుకుంటూ తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. లైనులో ఉన్న ఒకాయన గొంతు పెంచితే, "అరటిపళ్ళు తినొస్తాడు సార్, పది నిమిషాలు" అంది. చుట్టూ ఉన్న పిల్లలు కిలకిలా నవ్వారు, ఆయనా తగ్గాడు.

మా వంతు వచ్చింది. నా బిడ్డ వెళ్ళి వాటేసుకుంది. నేను చేయి కలిపాను. గ్లౌజు అరచేతిలో తడి తగిలింది. లోపలున్నవాడు ఎంత ఉడికిపోతున్నాడో అక్కడ నా ఒక్కడికే తెలుసు. రెండుసార్లు చేయి నొక్కాను. ఒక్క క్షణం ఆగి, అతను కూడా రెండుసార్లు నొక్కాడు.

ఇంటికి రాగానే మా బామ్మర్ది కొడుకును పనిలో పెట్టుకున్నా. ఫంక్షన్‌కు మూడొందలు, భోజనం. ఆ రోజు నుంచి ఎవరి కాలూ తొక్కలేదు. డ్రెస్‌కు సగం మార్కులు వేస్తాను, మిగతా సగం వాడివే. రెండో మనిషి లేకపోతే ఈ డ్రెస్ కొనకండి.

ఇక వేడి. మా దగ్గర పీర్ల పండుగకు పులి వేషం వేసేవాళ్ళు ఒంటికి రంగు పూసుకుంటారు, గాలైనా తగులుతుంది. ఇందులో ఆ సుఖం లేదు. తలలో ఫ్యాన్ ఉంటుందని చెప్పి అమ్మాడు. అది రెండో వారానికే ఆగింది, అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. వేరే ఫ్యాన్ కొని పవర్ బ్యాంక్‌తో నడిపిస్తున్నా. చల్లగా ఏం ఉండదు, జాలీ మీద ఆవిరి పట్టకుండా చూస్తుంది అంతే. దాని రొదకు పక్కవాడి మాట కూడా వినబడదు, అందుకే మాకూ భుజం తట్టే సైగలే. డిసెంబర్‌లో అరగంట ఉండగలను. మే నెలలో పదిహేను నిమిషాలు, అదీ రాత్రిపూట. ఒకసారి డబ్బుకు ఆశపడి మిట్టమధ్యాహ్నం బరాత్‌కు ఒప్పుకున్నా. కళ్ళు తిరిగి ట్రాలీ ఆటో వెనకాల కూలబడ్డాను. తల మాత్రం అక్కడ తీయలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అది మొండితనమే. కళ్ళు తిరిగితే పద్ధతీ లేదు, పాడూ లేదు, తల తీసేయాలి.

వాసన గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. లోపల కాటన్ మంకీ క్యాప్, పాత బనియన్, ట్రాక్ ప్యాంటు లేకుండా దిగొద్దు. ఇంటికి రాగానే ఒంటి భాగాన్ని తిరగేసి నీడలో ఆరేయాలి. తలను నీళ్ళలో ముంచకూడదు, ఫోమ్ ఆరదు. సర్జికల్ స్పిరిట్‌లో నీళ్ళు కలిపి లోపల కొట్టి, ఫ్యాన్ కింద పెడతాను. బొచ్చు ఉండ కడితే కుక్కల దువ్వెన పనికొస్తుంది.

వీపు జిప్పు ఏడాదిలోపే పోయింది. మా టైలర్ బ్యాగులకు వేసే లావు జిప్పు వేశాడు, ఇంకా కదల్లేదు. ఒక చెవి ఎలుకలు కొరికాయి. మా ఆవిడ గోధుమరంగు వెల్వెట్ ముక్క వేసి కుట్టింది.

ఏడాది నిండని పిల్లలు ఏడుస్తారు, అది డ్రెస్ తప్పు కాదు. "ఫోటోకు ఎత్తుకో" అని తల్లిదండ్రులు బలవంతపెట్టినా నేను ఎత్తుకోను. కింద కూర్చుని చేయి చాపుతా. వస్తే వస్తారు, లేకుంటే లేదు.

పెట్టిన డబ్బు మొదటి సీజన్‌లోనే వచ్చేసింది. ఒంటి భాగం ఇంకో ఏడాది లాగుతుంది. తల మాత్రం లోపల ఫోమ్ పొడిపొడిగా రాలుతోంది, తలే వేరుగా అమ్మేవాళ్ళ కోసం చూస్తున్నా. మొన్న దేవరకొండలో ఒక పిల్ల ఆ వెల్వెట్ చెవిని చాలాసేపు తడిమి, "దెబ్బ తగిలిందా?" అని అడిగింది. అవునన్నట్టు తలూపాను. ఉఫ్ అని ఊది, కేకు తినడానికి వెళ్ళిపోయింది.