చిన్న క్లినిక్‌కు ఏది మేలు: జంట కంప్యూటరా, బ్యాకప్ డిస్కులా, క్లౌడా?

ఇద్దరు ముగ్గురు వైద్యులు, ఒక రిసెప్షన్, ఒక చిన్న ల్యాబ్ ఉన్న క్లినిక్‌లో రోగుల వివరాలన్నీ సాధారణంగా ఒకే కంప్యూటర్‌లో ఉంటాయి. మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి నడుస్తాయి. అది మొరాయించిన రోజున ఎదురుగా కూర్చున్న రోగికి ఏ మందు పడదో, పోయిన నెల క్రియాటినిన్ ఎంత ఉందో చెప్పే దిక్కుండదు. కాబట్టి ఏదైనా కొనే ముందు రెండు ప్రశ్నలకు జవాబు తేల్చుకోవాలి. కంప్యూటర్ లేకుండా ఎన్ని గంటలు నెట్టుకురాగలం? ఎన్ని గంటల నమోదులు పోతే కాగితాలు చూసి మళ్లీ ఎక్కించుకోగలం? మొదటి దానికి జవాబు అదనపు కంప్యూటర్, రెండో దానికి బ్యాకప్, అంటే విడిగా దాచిన ప్రతి. ఈ రెండూ ఒకటే అనుకున్నవారే ఎక్కువగా దెబ్బతింటారు.

ఒకే కంప్యూటర్‌లో రెండు డిస్కులు పెట్టి, రాసిన ప్రతిదీ రెండింటిలోనూ పడేలా చేసే పద్ధతిని రైడ్ 1 అంటారు. ఒక డిస్కు పోయినా పని ఆగదు. దీనికంటే ఒక మెట్టు పైన ఉండేది జంట కంప్యూటర్: పక్కనే నడుస్తూ, మొదటి దానిలోని డేటాబేస్‌ను (రోగుల నమోదులుండే చోటు) ఎప్పటికప్పుడు తనలోకి తీసుకుంటుంది కనుక, మదర్‌బోర్డు కాలిపోయినా కాసేపట్లో పని మళ్లీ మొదలవుతుంది. వినడానికి ఇంతకు మించినది లేదనిపిస్తుంది. కానీ ఈ రెండు పద్ధతులూ మంచితోపాటు పొరపాటును కూడా అంతే వేగంగా నకలు చేస్తాయి.

నేను చూసుకునే ఒక క్లినిక్‌లో ఒకే పేరున్న ఇద్దరు మహిళల ఫైళ్లను రిసెప్షన్‌లో పొరపాటున ఒకటిగా కలిపేశారు. కలిపినప్పుడు రెండో ఆవిడ అలర్జీల గడి చెరిగిపోయింది. జంట కంప్యూటర్‌లోనూ ఆ క్షణానే చెరిగింది. మూడు వారాల తర్వాత వైద్యుడు మందు రాయబోతుండగా, తనకు పెన్సిలిన్ పడదని ఆవిడే గుర్తుచేయడంతో సంగతి బయటపడింది. అల్మరాలో నెల కిందటి బ్యాకప్ డిస్కు ఉండబట్టి ఫైళ్లను విడదీయగలిగాం. అది లేకపోతే ఎన్ని కంప్యూటర్లున్నా వాటన్నిటిలోనూ తప్పుడు ఫైలే ఉండేది.

ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ విషయంలోనూ ఇంతే. 2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ఒకే నెట్‌వర్క్‌లోని విండోస్ కంప్యూటర్లలో ఒకదాని నుంచి మరొకదానికి పాకినప్పుడు, పెద్ద ఆసుపత్రులతోపాటు ఇంగ్లండ్‌లో 595 జీపీ (కుటుంబ వైద్యుల) క్లినిక్‌లు కూడా దాని బారిన పడ్డాయి. అదే నెట్‌వర్క్‌లో, అవే అప్‌డేట్లు లేకుండా నడిచే జంట కంప్యూటర్ కూడా మొదటి దానితోపాటే పడిపోతుంది.

బయట పెట్టే డిస్కుల బలం ఇక్కడే కనిపిస్తుంది. తీసి పక్కన పెట్టిన డిస్కును ఏ వైరసూ అందుకోలేదు. ఎప్పుడూ తగిలించే ఉంచిన డిస్కుకు మాత్రం ఆ రక్షణ ఉండదు. అందుకే కనీసం రెండు డిస్కులుండాలి, ఒకటి క్లినిక్‌లో ఉన్నప్పుడు మరొకటి ఆ భవనంలోనే ఉండకూడదు. అవి రోగుల రహస్యాలు కాబట్టి డిస్కును తప్పనిసరిగా ఎన్‌క్రిప్ట్ చేసి (తాళపు పదం లేకుండా చదవలేని రూపంలోకి మార్చి), దాని తాళపు పదాన్ని కాగితం మీద రాసి వేరేచోట దాచాలి. ఈ పద్ధతి లోపమల్లా మనిషి మరుపు. డిస్కు మార్చే పని ఫలానా వారిదని పేరు పెట్టి అప్పగించకపోతే రెండు నెలల్లో ఆగిపోతుంది.

క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా వేరేచోటి కంప్యూటర్లలో ప్రతిని దాచే సేవకు, ఆ మరుపు లేదు, క్లినిక్‌లో జరిగే అగ్నిప్రమాదమూ దొంగతనమూ దాన్ని తాకవు. అయితే లెక్క చూసుకోవాలి. సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో ఒక టెరాబైట్ పైకి చేరడానికి 9 రోజులు దాటుతుంది. 100 మెగాబిట్ల వేగంతో తిరిగి దించుకోవడానికి సుమారు 22 గంటలు పడుతుంది. డేటాబేస్ ఒక్కటే అయితే ఇది సమస్య కాదు, అల్ట్రాసౌండ్ చిత్రాలుంటే సమస్యే. పైగా ఫోల్డర్‌ను సింక్ చేసే సేవను బ్యాకప్‌గా లెక్కించకూడదు, ఎందుకంటే ఇక్కడ చెరిపింది అక్కడా చెరుగుతుంది. పాత ప్రతులను ఎన్ని రోజులు ఉంచుతారో, క్లినిక్ పాస్‌వర్డ్ దొంగిలించినవాడు వాటిని తుడిచేయగలడో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

నా మట్టుకు నేను చెప్పే వరుస ఇది. మొదట మార్చుకునే డిస్కులు, వాటికి తోడుగా డేటాబేస్ వరకు రోజూ క్లౌడ్. తర్వాత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, అప్‌డేట్లు చేస్తూ సిద్ధంగా ఉంచిన ఒక మామూలు అదనపు కంప్యూటర్. దీనికి లైసెన్సు పనిచేస్తుందో లేదో, ల్యాబ్ యంత్రం పాత సీరియల్ కేబుల్‌తో వస్తుంటే దాన్ని గుచ్చే చోటు ఉందో లేదో ముందే చూడాలి. రైడ్ ఆ తర్వాత. రాత్రింబవళ్లు నడిచే చోట తప్ప జంట కంప్యూటర్‌కు పెట్టే ఖర్చు, దానికి కావలసిన పర్యవేక్షణ చిన్న క్లినిక్‌కు భారమే.

ఏది ఎంచుకున్నా మూడు నెలలకోసారి బ్యాకప్‌ను ఆ అదనపు కంప్యూటర్‌లోకి దించి, నిన్న వచ్చిన ఒక రోగి ఫైలు తెరిచి, దానికి జతచేసిన ల్యాబ్ రిపోర్టు మీద నొక్కి చూడాలి. పేరు, వయసు, మందులు అన్నీ కనిపించి రిపోర్టు మాత్రం తెరుచుకోకపోతే, స్కాన్ చేసిన కాగితాల ఫోల్డర్ డేటాబేస్ బయట ఉందని, ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ బ్యాకప్ చేయలేదని అర్థం.